నూరీ పిల్లల పంపకం

కరీంనగర్ జిల్లా కోరుట్లలో పుట్టి, కోరుట్లలోనే ముసలివాడినై, టాంగా తోలుకుంటూ పెళ్ళిళ్ళకు గుర్రం అద్దెకిచ్చుకుంటూ బతికిన గులాం మొహియుద్దీన్ అనే నేను, కాలం చేసిన మర్హూం గులాం దస్తగీర్ కొడుకును, వయస్సు అరవై ఎనిమిది, 2011 అక్టోబరు 15 శనివారం మధ్యాహ్నం మా ఇంటి అరుగు మీద కూర్చుని నా వాళ్ళ కోసం రాయిస్తున్న వీలునామా ఇది. నా తల సరిగ్గానే పనిచేస్తున్నది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ బతిమాలలేదు. చక్కెర జబ్బు కాళ్ళలో ఉంది గానీ మనసులో లేదు. అనుమానం ఉన్నవాళ్ళు మా కొట్టానికి వచ్చి, ఏ గుర్రానికి ఏ కాలికి ఎప్పుడు లాడం కొట్టించానో నన్ను అడిగి చూసుకోవచ్చు.

రాస్తున్నది దస్తావేజుల లేఖరి జలపతి. సకల జనుల సమ్మెకు ఇవాళ ముప్పై మూడో రోజు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తాళం పడి అతను ఖాళీగా ఉన్నాడు కనుక రెండు కప్పుల చాయకు ఒప్పుకున్నాడు. వీలునామాకు రిజిస్ట్రీ తప్పనిసరి కాదని, ఇద్దరు సాక్షులుంటే చాలని అతనే చెప్పాడు. నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయటం రాదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని, నా కోపాలు కూడా వదలకూడదని షరతు పెట్టాను. "గిసొంటియి వీలునామల రాయరు సాబ్" అని ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. రాశాడు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నా బిడ్డ ఫౌజియాకు అప్పగిస్తున్నాను. జగిత్యాలలో కాపురం చేసుకుంటున్న ఆడపిల్ల ఎందుకు, ఇంట్లో మజర్ ఉన్నాడు కదా అని అడిగేవాళ్ళుంటారు. మజర్ నా కొడుకు, మంచివాడు, ఆటో నడుపుతాడు, తాళంచెవి ఎక్కడ పెట్టాడో సాయంత్రానికి మరిచిపోతాడు. ఫౌజియా ఆరేళ్ళ వయసులో నేను కొనిస్తానని కొనివ్వని గాజుల సంగతి ఇప్పటికీ చెబుతుంది. ఇలాంటి పనికి అలాంటి మనిషే కావాలి.

2. ఇల్లు, కొట్టం, వెనక ఉన్న ఖాళీ జాగా నా భార్య రషీదాబీ, కొడుకు మజర్, బిడ్డ ఫౌజియా షరియత్ ప్రకారం పంచుకోవాలి. ఇందులో నేను చెప్పేదేమీ లేదు. వారసుల వాటాలు మార్చే హక్కు నాకు లేదని, బయటివాళ్ళకు మాత్రం మూడో వంతుకు మించకుండా ఇవ్వవచ్చని మా మసీదు హాఫిజ్ సాబ్ చెప్పారు. ఇక్కడి నుంచి నేను వారసులకు చెప్పేవి శాసనాలు కావు, కోరికలు. కోరిక అని తేలిగ్గా తీసుకుంటే మాత్రం నేను ఊరుకోను.

3. నా దగ్గర ఉన్న జీవాలు మూడు. తల్లి పేరు నూరీ, వయసు పదిహేడు, తెల్లటి ఆడగుర్రం. ఇరవై మైళ్ళ ఫాసలాలో దీని మీద ఎక్కని పెళ్ళికొడుకు తక్కువ. దాని మగపిల్ల బాద్షా, వయసు మూడేళ్ళు, గోధుమరంగు, పళ్ళు గట్టివి. ఆడపిల్ల కాటుక, వయసు పద్నాలుగు నెలలు, నలుపు. పిల్లలు రెండూ మా కొట్టంలోనే పుట్టాయి. ఈ రెండింటినీ ఉంచుకోవాలా, అమ్మాలా అన్న సంగతి మీద మా ఇంట్లో ఏడాదిగా అన్నం చల్లారిపోతున్నది.

మజర్ రెండింటినీ అమ్మమంటాడు. "నా ఆటో పని లేకుంటే పెట్రోల్ తాగది అబ్బా, నీ గుర్రాలు పని లేకున్నా తింటయ్" అంటాడు. తప్పని చెప్పలేను. పెళ్ళికొడుకులు ఇప్పుడు పూలు కట్టిన కార్లలో పోతున్నారు. ఫౌజియా ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు కాటుక సంగతి అడిగి, తర్వాత నా షుగర్ సంగతి అడుగుతుంది. రషీదాబీ మాత్రం ఏమీ అనదు, నేను చూడనప్పుడు రెండింటికీ బెల్లం పెడుతుంది. నేను చూస్తూనే ఉన్నాను.

4. తీర్పు చెప్పే ముందు ఒక పాత సంగతి చెప్పాలి. జలపతి కలం కింద పెట్టాడు. మళ్ళీ ఎత్తించాను.

నా తండ్రి గానీ నేను గానీ ఎప్పుడూ పెరిగిన గుర్రాలనే కొన్నాం. జీను, కళ్లెం, లాడం, కడుపునొప్పి, అన్నీ నాకు తెలుసు. పుట్టుక మాత్రం తెలియదు. 2001 వానాకాలంలో నూరీ మొదటి కాన్పు. తెల్లటి తల్లికి తెల్లటి పిల్ల పుడుతుందని గల్లీ అంతా చెప్పుకొని తిరిగాను. బొగ్గు నలుపుతో ఆడపిల్ల పుట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. నల్ల గుర్రం మీద పెళ్ళికొడుకును ఎవరు ఎక్కిస్తారు?

అప్పుడు సిరిసిల్ల నుంచి వెంకటి వచ్చాడు. వెంకటికి అక్కడ బ్యాండుమేళం ఉంది, గుర్రాలున్నాయి, బంగారు పన్ను ఉంది. పిల్ల కన్ను దగ్గర దుమ్ము తుడిచినట్టు వేలితో రుద్ది చూశాడు. "నల్లదైతేంది తియ్యి, ఇంటికాడ పోరగాండ్లు ఆడుకుంటరు" అని, నా మీద జాలిపడినట్టు మొహం పెట్టి కొన్నాడు. నేను సంతోషంగా ఇచ్చేశాను. నా దగ్గర గుర్రాలు చూసుకునే లస్మయ్య మాత్రం అంతకు ముందురోజే నాతో అన్నాడు: "కండ్ల సుట్టు తెల్లెంటికలున్నయ్ సాబ్. గిది నలుపు ఉండది, తెల్లగైతది. జర ఆగు." గుర్రాల సంగతి నాకే నేర్పుతున్నావా అని కసిరాను.

ఆరేళ్ళ తర్వాత సిరిసిల్లలో ఒక పెళ్ళి బరాత్‌లో తెల్లటి గుర్రం ఒకటి కనిపించింది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. దగ్గరికి పోతే నా షేర్వానీ జేబులో మూతి పెట్టి బెల్లం వెతికింది. ఆ అలవాటు దాని తల్లిది. వెనక నుంచి వెంకటి బంగారు పన్ను కనబడేలా నవ్వి, "గుర్తువట్టలేదా భాయ్" అన్నాడు. కొన్ని తెల్ల గుర్రాలు నల్లగానే పుడతాయట, ఏడాదికింత నలుపు వదులుతాయట. ఈ ధంధాలో నాకు తప్ప అందరికీ తెలుసట. ఆ రాత్రి సిరిసిల్లలో పెట్టిన బిర్యానీ నేను తినలేదు. వెంకటికి ఆ సంగతి తెలియాలని ఇక్కడ రాయిస్తున్నాను.

5. నూరీని అమ్మకూడదు. ఎవరికీ, ఏ ధరకూ. పెళ్ళిళ్ళకు పంపకండి, అది చాలా నడిచింది. చలికాలంలో దాని ఎడమ వైపు కంబళి కప్పండి, కుడివైపు కప్పితే తోసేస్తుంది. ఈ పని మజర్ చేయాలి. గుర్రాలంటే పడదని వాడు పైకి అంటాడు గానీ, కాటుక పుట్టిన పొద్దున తన కొత్త చొక్కా విప్పి దాన్ని తుడిచింది వాడే.

6. బాద్షాను అమ్మండి. ఇక్కడ మజర్ మాటే నెగ్గింది. పెళ్ళికి మగగుర్రం పనికిరాదు. టాంగాకు పనికొస్తుంది గానీ టాంగాకే పని లేదు. ఈ సమ్మెలో బస్సులు బందై, ఆటోలు కూడా బందు పెట్టిన రోజుల్లో నా టాంగాకు మళ్ళీ యోగం పట్టింది. బాద్షాను కట్టుకొని మేడిపల్లి దాకా ముసలివాళ్ళను, బాలింతలను చేరవేశాను. దారి పొడుగునా జనం జై తెలంగాణ అంటూ చేతులూపారు. కిరాయి ఎవరినీ అడగలేదు. నలభై ఏళ్ళలో అంత హాయిగా టాంగా తోలింది లేదు. అయినా బస్సు వచ్చిన మరునాడే నన్ను అందరూ మరిచిపోతారు. దానికి నాకు బాధ లేదు, బస్సు అయితే నేనూ ఎక్కుతాను.

బాద్షాను వెంకటికే అమ్మాలని నా కోరిక. అది కరుస్తుంది. ఆ సంగతి వెంకటికి ముందుగా చెప్పవలసిన అవసరం లేదని నేను రాయించబోతే హాఫిజ్ సాబ్ గుర్తొచ్చారు. చెప్పి అమ్మండి. కానీ మెల్లగా చెప్పండి.

7. చిన్నచిన్నవి.

టాంగా ముందు వేలాడే ఇత్తడి దీపం రషీదాబీకి. నలభై నాలుగేళ్ళ కింద ఆమెను నిర్మల్ దారిలో ఆ దీపం వెలుగులోనే మొదటిసారి సరిగ్గా చూశాను. ఆమె నన్ను చూడలేదు, గుర్రాన్ని చూసింది. ఇప్పటికీ అంతే. ఆమెతో నా బతుకు బాగా గడిచింది, ఈ మాట ఆమె ముందు చెప్పే ధైర్యం లేక కాగితం మీద పెడుతున్నాను.

కొరడా పొయ్యిలో వేయండి.

పెళ్ళి గుర్రం మీద పరిచే ఎర్ర ముఖమల్ గుడ్డ, దాని ముత్యాల జాలరుతో సహా, లస్మయ్య బిడ్డ వనితకు. కారణం ఉంది. పోయిన నెల కోరుట్లలో తీసిన ఊరేగింపుకు గుర్రం కావాలని సమ్మె చేసేవాళ్ళు అడిగారు. తెలంగాణ తల్లి వేషం వేసిన అమ్మాయిని ముందు గుర్రం మీద కూర్చోబెడతారట. వేషం వేసుకొని వచ్చిన డిగ్రీ పిల్ల నూరీ తుమ్మగానే పారిపోయింది. ఇంకో పిల్ల దూరం నుంచే వద్దంది. అప్పుడు అక్కడే అన్నం డబ్బా పట్టుకొని తండ్రి కోసం నిలబడ్డ వనితకు ఆ అట్టకిరీటం పెట్టి, చేతికి మక్కకంకి ఇచ్చారు. ఆమె పసితనం నుంచి నూరీ కాళ్ళ మధ్య ఆడుకున్న పిల్ల. ఎవరి చేయీ అందుకోకుండా ఎక్కి కూర్చుంది. కళ్లెం పట్టి ముందు నడిచింది లస్మయ్య. పాత బస్టాండ్ నుంచి ఊరంతా తిరిగారు, మేడల మీద నుంచి పూలు చల్లారు. ముప్పై ఏళ్ళుగా ఎందరి కొడుకులనో గుర్రం మీద కూర్చోబెట్టి తాను కింద నడిచినవాడు, ఆ రోజు మాటిమాటికీ వెనక్కి తిరిగి పైకి చూశాడు. అతడి మొహం చూడలేక నేను పక్క గల్లీలోకి తప్పుకున్నాను. ఎందుకు తప్పుకున్నానో కింది అంశంలో ఉంది.

8. కాటుకను లస్మయ్యకు ఇస్తున్నాను. నా తదనంతరం అది పూర్తిగా అతడిది. ఇల్లు, కొట్టం లెక్కలోకి తీసుకుంటే గుర్రప్పిల్ల మూడో వంతులో ఏ మూలకూ రాదు కనుక నా వారసులు అడ్డు చెప్పడానికి లేదు.

కాటుక కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు వచ్చాయి. అంటే అది తెల్లగా మారుతుంది. వెంకటికి ఈ సంగతి తెలుసు. అందుకే రంజాన్ పండుగకు వచ్చి మా ఇంట్లో షీర్ ఖుర్మా తాగి, "నల్లదైనా పర్వాలేదు" అంటూ మజర్ దగ్గర మాట తీసుకొని పోయాడు. నేను పోయాక ఆ మాట చెల్లకూడదని ఈ వీలునామా. ఇది రాయించడానికి అసలు కారణం ఇదే, మిగతా అంశాలన్నీ దీని కోసం పుట్టినవే.

లస్మయ్యకే ఎందుకంటే, అప్పట్లో అతడి మాట వినలేదని మాత్రమే కాదు. అది అందరికీ చెప్పుకోగల కారణం. చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది.

కాపురం కోరుట్లలోనే గానీ, లస్మయ్య సొంతూరు మల్యాల దిక్కు. దళితవాడలో పుట్టాడు, గుంట భూమి లేదు. 2006లో అతడి కొడుకు ఆనంద్ పెళ్ళి ఆ ఊళ్ళో పెట్టుకున్నారు. పిల్లవాడిని నూరీ మీద ఊరేగించాలని ఉందని లస్మయ్య అడిగాడు. అన్నేళ్ళలో అతడు నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అడగాలా, నీ గుర్రమే కదా అన్నాను. దేవవ్వ, అంటే లస్మయ్య భార్య, ఆ సంతోషంలో నూరీకి అప్పటికప్పుడు దిష్టి తీసింది.

పెళ్ళి నాలుగు రోజులుందనగా ఆ ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్ళ పెళ్ళిళ్ళకు ఎప్పుడూ నా గుర్రాన్నే మాట్లాడుకునేవాళ్ళు. చాయ తాగి మర్యాదగానే చెప్పారు: "లస్మయ్య కొడుకు గుర్రమెక్కి మా గల్లీలకెల్లి పోతే, రేపటి సంది మా పెండ్లిళ్ళకు నీ గుర్రం వద్దు భాయ్. మా ఊరొక్కటే గాదు, సుట్టుపక్కల ఊర్లు సుత." నాకు భయమేసింది. భయమేసిందని లస్మయ్యకు చెప్పి ఉంటే ఈ అంశం ఇంత పొడుగు అయ్యేది కాదు. నేను నూరీ ముందు కాలికి గుడ్డ చుట్టి, కాలు బెణికిందని చెప్పాను.

గుర్రం కాలి గురించి లస్మయ్యకు అబద్ధం చెప్పాను. రోజూ నాలుగు కాళ్ళూ చేతిలోకి తీసుకొని కడిగే మనిషికి. అతడు వంగి కాలు పట్టుకున్నాడు, వేళ్ళతో కీలు నొక్కి చూశాడు. నూరీ కదలను కూడా కదలలేదు. "సరే సాబ్, మంచిగ కానియ్యి" అన్నాడు. ఆనంద్ నడిచే పోయి పెళ్ళి చేసుకున్నాడు. కొడుకు పెళ్ళి మరునాడే లస్మయ్య పనిలోకి వచ్చి, ఏమీ లేని ఆ కాలికి నూనె రాసి, గుడ్డ మార్చి కట్టాడు. అలా ఏడు రోజులు చేశాడు. అతడికి తెలుసని నాకు తెలుసు. ఐదేళ్ళుగా ఆ మాట మా ఇద్దరి మధ్యకు రాలేదు. నేను సిగ్గుపడుతున్నాను. లస్మయ్యా, నన్ను మాఫ్ చెయ్యి.

9. పై ఎనిమిదో అంశంలో కాటుకను ఇవ్వడం వరకు కొట్టివేయడమైనది. కారణం తెలియకపోతే రేపు నా వారసులు తగువు పడతారు కనుక జరిగింది రాయిస్తున్నాను.

ఎనిమిది అంశాలూ ముగిశాక, సంతకాల ముందు అంతా చదివి వినిపించడం పద్ధతి అని జలపతి అన్నాడు. అరుగు మీద మజర్, ఒక సాక్షిగా పిలిచిన చాయ హోటల్ బుచ్చన్న ఉన్నారు. రషీదాబీ గడపలో కూర్చుంది. రెండో సాక్షి లస్మయ్యే అని నేను ముందు నుంచీ అనుకున్నాను. మా ఇంట్లో ఏ కాగితం మీదైనా అతడి సంతకమే ఉంటుంది. గుర్రాలకు నీళ్ళు పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు జలపతి గొంతు సవరించుకొని, వీలునామాలో ఏదైనా పుచ్చుకునే మనిషి దానికి సాక్షి కాకూడదని, ఇంకొకరిని పిలవమని అన్నాడు. లస్మయ్య నా వైపు చూశాడు. నేను చదవమన్నాను.

జలపతి మొదటి నుంచి చివర దాకా చదివాడు. నూరీ కాలికి గుడ్డ చుట్టిన సంగతి వచ్చినప్పుడు మజర్ లేచి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వాడికి అది తెలియదు. చదవడం అయ్యాక లస్మయ్య అన్న మాటలు అన్నట్టే రాయించాను:

"గుడ్డ కట్టిన నాడే ఎర్కనే సాబ్. ఏడు దినాలు నూనె ఎందుకు రాసిన్నంటవా? నువ్వు నిజం జెప్తవేమో అని సూసిన. ఏడు దినాలు సూసిన. ఎనిమిదో నాడు సూసుడు బంద్ వెట్టిన."

అతడే మళ్ళీ అన్నాడు:

"పిల్లనిస్తున్నవ్, మంచిదే. గని నువ్వు సచ్చినంక ఇచ్చుడేంది? నువ్వు సచ్చినంక ఇస్తే గది కాగితం ఇచ్చినట్టయితది. ఇచ్చేదుంటే ఇప్పుడియ్యి. నువ్వు సూడంగ నా ఇంటికి తోల్కపోత."

మాట సబబుగా ఉంది. నేను లేచి, కర్ర పట్టుకొని కొట్టంలోకి నడిచి, కాటుక తాడు విప్పి నా చేత్తో లస్మయ్య చేతిలో పెట్టాను. ఇచ్చాను అన్నాను, తీసుకున్న అన్నాడు. నూరీ రెండుసార్లు అరిచింది. మజర్ గోడ దగ్గర నుంచి వచ్చి, "వెంకటికి నేను జెప్త" అని, దాని చొప్ప మోపు భుజాన వేసుకొని లస్మయ్య వెంట వీధి చివరి దాకా పోయాడు. గల్లీ వాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూశారు. నేను ఈసారి పక్క గల్లీలోకి తప్పుకోలేదు, వాకిట్లో నిలబడి కనబడినంత దూరం చూశాను. మనసు తేలికైంది.

ఈ కారణంగా కాటుక ఇక నా ఆస్తి కాదు. ఈ కాగితంలో దాన్ని ఎవరూ వెతకకూడదు. దాన్ని లస్మయ్య ఉంచుకుంటాడో, అమ్ముతాడో నేను అడగలేదు. వెంకటికే అమ్మినా నా నోరు లేవదు. రెండు రోజులు అన్నం సహించకపోవచ్చు, అంతే.

ముఖమల్ గుడ్డ వనితది, ఈ వీలునామా వల్ల లస్మయ్యకు వచ్చేది ఇప్పుడేమీ లేదు కనుక అతడు సాక్షి సంతకం చేయవచ్చని జలపతి ఒప్పుకున్నాడు. లస్మయ్య పిల్లను తన వాకిట్లో కట్టేసి, కాళ్ళు కడుక్కొని, తిరిగి వచ్చి సంతకం చేశాడు. వృత్తి ఏం రాయాలని జలపతి నన్ను అడిగాడు. నన్నెందుకు అడుగుతావు, అతడినే అడుగు అన్నాను.

పైన రాసినదంతా విని, నాకు సమ్మతమై, నా చేత్తో ఉర్దూలో సంతకం చేస్తున్నాను.

కోరుట్ల, తేదీ 15-10-2011

(సంతకం) గులాం మొహియుద్దీన్

రాసినవాడు: జలపతి, దస్తావేజుల లేఖరి, కోరుట్ల

సాక్షులు:
1. బుచ్చన్న, చాయ హోటల్, కోరుట్ల
2. లస్మయ్య, గుర్రం ఆసామి, కోరుట్ల